గోదారి గట్టు నుంచి గోండుల గుట్టల దాకా

బాసరలో తెల్లారకముందే బండి తీస్తే పొద్దుగూకేలోపు జోడేఘాట్ చేరవచ్చు. దారి పొడవు రెండు వందల పైచిలుకు కిలోమీటర్లే. అయితే ఇది మైలురాళ్లు లెక్కపెట్టుకుంటూ పోయే దారి కాదు.

బాసరలో ఊరికన్నా ముందు గుడి మేల్కొంటుంది. జ్ఞాన సరస్వతి అభిషేకానికి జనం చీకట్లోనే వరుస కడతారు. ఆ వెనకే ఇంకా నిద్ర తీరని పిల్లలు, వాళ్ల చేతిలో కొత్త పలకలు. అక్షరాభ్యాసం కోసం హైదరాబాద్ నుంచి, నాందేడ్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో రాత్రి రైళ్లకు వచ్చి దిగిన కుటుంబాలు అవి. గుడికి కాస్త దూరంలో గోదావరి. కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకుని తెలంగాణలో అడుగుపెట్టిన నది ఇక్కడికి వచ్చేసరికి ఉరుకులు మానేస్తుంది. దిగువన శ్రీరాంసాగర్ నిండిన ఏడాది ప్రాజెక్టు వెనుక జలాలు ఇంత దూరం ఎగదన్ని నిలుస్తాయి. పుష్యమాసపు తెల్లవారుజామున ఆ నీటి మీద పొగమంచు తప్ప మరేమీ కనిపించదు.

బండి మీద గుట్టలు చూడాలనుకునేవాళ్లు ఇక్కడి నుంచే బయల్దేరాలని చెప్పడానికి కారణం ఉంది. ఈ దారిలో రోజంతా ఏదో ఒక రూపంలో గోదావరి ఎదురవుతూనే ఉంటుంది. వాగుల రూపంలో గుట్టలు దిగి నది దగ్గరికి పోయే నీళ్లు కొన్ని. మనుషుల భుజాల మీద నది నుంచి గుట్టలెక్కే నీళ్లు కొన్ని.

చలి సంగతి ముందే చెప్పాలి. తెలంగాణలో చలి వార్త అంటే ఆదిలాబాద్ వార్తే. డిసెంబరు, జనవరిలో ఇక్కడి ఉష్ణోగ్రతలు ఒక్క అంకెకు పడిపోవడం ఏటా ఉన్నదే. మఫ్లర్ చుట్టుకుని, జాకెట్ లోపల రెండు చొక్కాలు తొడుక్కున్నా ముథోల్ దాటేసరికి వేళ్లు బ్రేకు మీద ఉన్నాయో లేవో తెలియదు. ఇక్కడి నేల మహారాష్ట్ర సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది. హోటళ్లలో మరాఠీ, తెలుగు, ఉర్దూ ఒకే వాక్యంలో వినిపిస్తాయి. రోడ్డుకు అటూ ఇటూ నల్లరేగడి. కోట్ల ఏళ్ల కిందట లావా గడ్డకట్టి ఏర్పడిన దక్కన్ రాళ్లు అరిగి అరిగి ఈ మట్టిగా మారాయి. పత్తికి ఇంతకన్నా ఇష్టమైన నేల లేదు. భైంసా దగ్గరవుతుంటే పత్తి బండ్లు మొదలవుతాయి. ట్రాక్టర్ ట్రాలీ మీద తాడు బిగించి కట్టిన పత్తి రోడ్డు సగం ఆక్రమిస్తుంది. వెనకనున్న బైకు వాడు దాటి పోదామని హారన్ కొడితే ట్రాక్టర్ వాడు వెనక్కి కూడా చూడడు. చూడాల్సిన అవసరమూ లేదు. రోడ్డు ఆ సీజనుకు వాళ్లదే.

భైంసా నుంచి నిర్మల్ వరకు మహారాష్ట్ర నుంచి వచ్చే 61వ నంబరు జాతీయ రహదారి. నున్నటి రోడ్డు, చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఎండ ఒంటికి తగిలేసరికి నిర్మల్ వస్తుంది.

నిర్మల్‌లో ఛాయ్ తాగుతూ కాసేపు జాతీయ రహదారి పక్కన నిలబడితే వేసవి దాటిన నెలల్లో ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు రహదారి ఇది. హైదరాబాద్ నుంచి లదాఖ్ పోయే తెలుగు కుర్రాళ్లు ఈ దారినే పోతారు. బండికి రెండు పక్కలా సామాను సంచులు, పెట్రోలు డబ్బాలు, హెల్మెట్ మీద కెమెరా. టిబెటన్ ప్రార్థన జెండాలను హ్యాండిల్‌కు కట్టుకుని బయల్దేరేవాళ్లూ ఉన్నారు, ఇంకా లదాఖ్ కొండల ముఖం చూడకముందే. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ ‘హిమాలయన్’ పేరుతో ఒక బండిని మార్కెట్లోకి తెచ్చాక ఈ మోజు ఇంకా పెరిగింది. అందరి నోటా అక్కడి ఖర్దుంగ్ లా కనుమ పేరే. అక్కడ చాలా ఏళ్లు 18,380 అడుగులని బోర్డు ఉండేది. తర్వాత కొలిచి చూస్తే 17,600 అడుగుల లోపే తేలింది. అయినా ఫొటోలు మాత్రం పాత బోర్డు దగ్గరే దిగేవారు. లదాఖ్ గొప్పదే, కాదనేవాళ్లెవరు? గాలిలో ప్రాణవాయువు పలచబడే చోట, చెట్టన్నది లేని రాతి లోయల్లో బండి నడపడం ఒక అనుభవమే. కానీ నిర్మల్ దాటగానే ఎడమా కుడీ లేచే ఈ గుట్టల్ని చూడకుండా నూరు కిలోమీటర్ల వేగంతో పోయేవాళ్లను చూస్తే మనసు కాస్త నొచ్చుకుంటుంది.

ఇవి సాత్మాల గుట్టలు. పశ్చిమాన మహారాష్ట్ర నుంచి వచ్చి ఆదిలాబాద్ నేలను దక్షిణపు వైపు గోదావరికీ ఉత్తరపు వైపు పెన్‌గంగకూ పంచి పెట్టిన వరుస. ఎత్తులో లదాఖ్‌తో పోటీయే లేదు. రెండు వేల అడుగులు దాటితే గొప్ప. అయితే ఏ కొండకైనా ఎత్తు ఒక్కటే విలువ అనుకుంటే, ఈ వ్యాసం ఇక్కడితో ఆపేయవచ్చు.

నిర్మల్‌లో గంటైనా ఆగాలి. పొనికి కర్రతో చేసే ఇక్కడి బొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పొనికి చాలా మెత్తటి, తేలికైన కర్ర. ముక్కల్ని చింతగింజల జిగురుతో అతికి, పైన తెల్లమట్టి పూత వేసి రంగులద్దుతారు. ఆ చెట్టు ఈ గుట్టల అడవిలోదే. అడవి పలచబడితే ముందు తగ్గేది ఈ పనివాళ్ల ముడిసరుకే. ఇక నిర్మల్‌కు ఇంకో గుర్తు ఉంది, అది అంత అందమైనది కాదు. 1857 తిరుగుబాటు వేడి చల్లారకముందే ఇక్కడ రాంజీ గోండు ఆదివాసులను, రోహిల్లాలను కూడగట్టి నిజాం, ఆంగ్లేయ సేనలతో తలపడ్డాడు. 1860లో పట్టుబడ్డాక అతడినీ, వెయ్యిమంది అనుచరులనూ ఒకే మర్రికి ఉరితీశారని ఈ ప్రాంతపు జ్ఞాపకం. ఆ చెట్టును వెయ్యి ఉరుల మర్రి అన్నారు. చెట్టు గాలివానకు ఎప్పుడో కూలిపోయింది, పేరు నిలిచింది.

ఘాట్ రోడ్డు

నిర్మల్ దాటాక నాలుగు వరుసల రహదారిని వదిలి పాత రోడ్డు పట్టుకోవాలి. మహబూబ్ ఘాట్ అక్కడుంది. ఒకప్పుడు ఉత్తరాది, దక్షిణాది లారీలన్నీ ఈ మలుపుల్లోనే ఎదురుపడేవి. ఏడో నంబరు జాతీయ రహదారిగా ఉన్న రోజుల్లో ఇక్కడ ఒక లారీ మొరాయిస్తే రెండు పక్కలా గంటల తరబడి బండ్లు నిలిచిపోయేవి. కొత్త రహదారి వేరే వైపు నుంచి పోయాక ఘాట్ బరువు దిగింది. ఇప్పుడు ఇంజన్ ఆపితే టేకాకు రాలిన చప్పుడు వినిపిస్తుంది.

బండి నడిపేవాళ్లకు ఇక్కడ ఒక మాట. మలుపులో క్లచ్ పట్టి బండిని జారవిడవకండి. ఎక్కేటప్పుడు ఏ గేరో, దిగేటప్పుడూ అదే గేరు. ఇది లదాఖ్‌లో నేర్చుకునే విద్య కాదు, ఈ గుట్టల్లో పాఠశాలలకు పోయే టీచర్లు రోజూ చేసే పనే. వందల మంది టీచర్లు, ఏఎన్‌ఎంలు, పోస్టుమన్‌లు ఈ ఘాట్లను నూరు సీసీ స్ప్లెండర్ల మీద, వెనక ఒక మనిషినీ బియ్యం సంచినీ ఎక్కించుకుని ఎక్కుతారు. వాళ్లకు చేతి తొడుగులుండవు. వాళ్లనెవరూ రైడర్లు అనరు.

ఘాట్ దగ్గర్లోనే సారంగాపూర్ మండలంలో అడెల్లి పోచమ్మ గుడి ఉంది. ఏటా గంగనీళ్ల జాతర నాడు అమ్మవారి నగలను తలమీద మోసుకుని జనం డప్పులతో సాంగ్వి దాకా నడిచి పోతారు. అక్కడ గోదావరిలో కడిగి మళ్లీ నడిచే తెస్తారు. దారిలో ఊరూరూ ఎదురేగి సాకపోస్తుంది. బాసర నుంచి పొద్దున మనం దూసుకొచ్చిన నేలలోనే ఆ నడక సాగుతుంది. మనకు ఆ దారి ఒక ఛాయ్ తాగే పాటి దూరం.

ఘాట్ ఎక్కి నేరడిగొండ చేరితే అక్కడి నుంచి కుంటాల దాదాపు పన్నెండు కిలోమీటర్లు. కడెం వాగు నూటనలభై అడుగులకు పైగా ఎత్తు నుంచి అంచెలంచెలుగా దూకే చోటు అది. తెలంగాణలో ఎత్తయిన జలపాతం ఇదేనని పుస్తకాల్లో రాస్తారు. దిగడానికి నాలుగొందల దాకా మెట్లున్నాయి, ఎక్కేటప్పుడు వాటి లెక్క మోకాళ్లే చెబుతాయి. వానాకాలం ఎరుపు రంగు తిరిగి పొర్లే నీరు చలికాలానికి తెల్లటి పాయలుగా తేరుకుంటుంది. నిజానికి చూడదగ్గ సమయం ఇదే. శివరాత్రికి ఇక్కడి సోమేశ్వరుడి దగ్గర జనం పోటెత్తుతారు. బండల మధ్య నీళ్లు నిలిచిన గుండాలు పైకి ఎంత ప్రశాంతమో లోపల అంత లోతు. సెల్ఫీల కోసం, ఈత కోసం దిగి ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్న యువకులు చాలామంది. గట్టున నిలబడి చూడండి, అంతే. బోథ్ మండలంలోని పొచ్చెర జలపాతానికీ ఇదే మాట వర్తిస్తుంది. దాని ఎత్తు కుంటాలలో సగమైనా ఉండదు గానీ, మడుగు అడుగు కనిపించదు.

ఈ కడెం వాగు చిన్నదని ఎవరూ అనుకోకూడదు. 2022 జులైలో ఇదే వాగు ఉప్పొంగి దిగువన కడెం ప్రాజెక్టు గేట్ల మీదుగా పారింది. వచ్చిన వరద ఆ ఆనకట్ట వదలగలిగిన సామర్థ్యాన్ని మించిపోయింది. ఆ రాత్రి దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. ఆనకట్ట తెగకపోవడం అదృష్టమే.

గుడిహత్నూర్ దగ్గర కుడి మలుపు

ఇక్కడ రహదారి తిన్నగా ఆదిలాబాద్‌కు, అటు నాగపూర్‌కు పోతుంది. కుడివైపు ఉట్నూర్ రోడ్డు. పగలు పన్నెండు దాటకముందే ఇక్కడికి చేరితే మిగతా రోజు సుఖంగా సాగుతుంది. ఈ మలుపు తిరగ్గానే ఊళ్ల తీరు మారుతుంది. మట్టిగోడలకు ఎర్రమన్ను, సున్నం పట్టీలు, ముంగిట వెదురు దడులు, కల్లంలో కందికట్టెల కుప్పలు. ఎదురుపడ్డ పెద్దమనిషి “రాం రాం” అంటాడు. బదులుగా మీరూ “రాం రాం” అనాలి. హెల్మెట్ అద్దం ఎత్తి అంటే ఇంకా మర్యాద.

ఇంద్రవెల్లిలో రోడ్డు పక్కనే స్తూపం. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. భూముల పట్టాల కోసం గిరిజన రైతుకూలీ సంఘం తలపెట్టిన సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన లెక్క పదమూడు. అంతకు ఎన్నో రెట్లని ఆదివాసుల మాట. ఆ స్తూపాన్ని ఒకసారి కూల్చారు, మళ్లీ కట్టారు. ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వస్తే ఇక్కడ ఆంక్షలే, తమవాళ్లకు పూలు పెట్టడానికీ అనుమతి అడగాల్సిన రోజులవి. బండి దిగకుండా దాటిపోయే చోటు కాదు ఇది.

అక్కడికి దగ్గరే కేస్లాపూర్. పుష్య అమావాస్య రాత్రి గోండుల నాగదేవత నాగోబాకు జాతర జరిగేది ఈ ఊళ్లోనే. అసలు విషయం జాతర కాదు, జాతరకు ముందు జరిగే నడక. గోండుల్లోని మెస్రం వంశీయులు కాలినడకన, చెప్పుల్లేకుండా జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగుకు పోతారు. బాసరలో పొద్దున మనం చూసిన గోదావరే శ్రీరాంసాగర్ దాటి అక్కడి దాకా ప్రవహిస్తుంది. ఆ నీటిని ఝరి అనే పాత్రలో నింపి, తెల్లటి గుడ్డ చుట్టి, గుట్టలూ వాగులూ దాటుకుంటూ కేస్లాపూర్ తెస్తారు. వెళ్లిరావడానికి రోజుల తరబడి పడుతుంది. వచ్చినవాళ్లు గుడి దగ్గర మర్రిచెట్ల కింద బస చేస్తారు. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరి చేసి ఇవ్వాలి. ఇన్ని వందల కుటుంబాలు కలిసినా వంటకు పొయ్యిలు ఇరవై రెండే, వంతులవారీగా వండుకుంటారు. కొత్త కోడళ్లను నాగోబాకు చూపించి వంశంలో కలుపుకునే ‘భేటింగ్’ కూడా ఆ రాత్రే. ఇప్పుడున్న రాతి గుడి మెస్రం వంశీయులు తమలో తాము చందాలు వేసుకుని కట్టుకున్నది. 2022లో ప్రతిష్ఠ జరిగింది.

పెట్రోలు పోసి, యాక్సిలరేటర్ తిప్పి, సగం పూటలో గోదావరి నుంచి కేస్లాపూర్ చేరిన మనిషి ఆ మర్రి కింద కూర్చుంటే తన ప్రయాణం ఏపాటిదో తనకే తెలుస్తుంది.

మార్లవాయి నుంచి హిమాలయాలకు

నాగోబా జాతరలో అధికారులు ఆదివాసుల గోడు వినే దర్బారుకు పునాది వేసింది ఒక ఆస్ట్రియా దేశస్తుడు. 1909లో వియన్నాలో పుట్టిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ మానవశాస్త్రవేత్త. నాగా కొండల్లో పరిశోధన చేసి మళ్లీ ఇండియాకు వచ్చిన సమయంలో రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. చేతిలో జర్మనీ పాస్‌పోర్టు. ఆంగ్లేయులు ఆయనను హైదరాబాద్ సంస్థానం దాటి పోరాదన్నారు. ఆ నిర్బంధం ఆదిలాబాద్‌కు కలిసొచ్చింది. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీంను కాల్చి చంపాక గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు అప్పుడు తోచింది. ఆ పనిమీద హైమన్‌డార్ఫ్, భార్య బెట్టీ జైనూర్ దగ్గర మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండి నేర్చుకున్నారు. 1943లో అక్కడే ఆదివాసీ ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. వేల ఎకరాల భూమికి పట్టాలిప్పించడంలో ఆయన సిఫార్సులు పనిచేశాయి. 1948లో అచ్చయిన ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ ఇప్పటికీ ఈ ప్రాంతం మీద చేసే పరిశోధనలన్నిటికీ మొదటి మెట్టు.

ఆ తర్వాత ఆయన ఎటు వెళ్లాడో చూడండి. 1953లో నేపాల్ చేరాడు. ఎవరెస్టు కింద షెర్పాల ఊళ్లలో, టిబెట్ సరిహద్దుకు ఆనుకున్న లోయల్లో ఏళ్లు గడిపి, ఆ ఎత్తుల్లో బతికే బౌద్ధుల గురించి, జడల బర్రెల మీద ఉప్పు, ధాన్యం మోసే వ్యాపారుల గురించి పుస్తకాలు రాశాడు. మన రైడర్లు కలలుగనే కొండల్ని అంత దగ్గరగా చూసిన మనిషి ఆయన. అయినా మళ్లీ మళ్లీ మార్లవాయికి వచ్చాడు. 1987లో బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూస్తే ఆమెను ఖననం చేసింది ఎక్కడో కాదు, మార్లవాయిలోనే. ఏటా జనవరిలో ఊరంతా ఆ సమాధి దగ్గర చేరి ఆ దంపతుల్ని తలుచుకుంటుంది.

మార్లవాయికి ఇంకో పెద్ద పేరుంది. గుస్సాడీ నాట్య గురువు కనకరాజు ఇక్కడివారే. దీపావళి ముందు దండారి రోజుల్లో నెమలీకల టోపీ, ఒంటికి బూడిద, భుజాన జింక తోలుతో ఊరూరా తిరిగే ఆ నాట్యాన్ని ఆయన ఎన్నో తరాలకు నేర్పారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో కన్నుమూశారు. సరిగ్గా దీపావళికి కొద్ది రోజుల ముందే.

జైనూర్ మండలంలోనే ఉషేగావ్. ఓజులనే కళాకారులు ఇత్తడి పోతపోసే ఊరు. మట్టి అచ్చుకు మైనపు తీగలు చుట్టి, మళ్లీ మట్టి కప్పి, కాల్చి, మైనం కరిగి ఖాళీ అయిన చోట ఇత్తడి పోస్తారు. ఒక అచ్చుతో ఒకే బొమ్మ. ఆదిలాబాద్ డోక్రా అనే ఈ పోతపనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, చేసే కుటుంబాలు కొన్నే మిగిలాయి.

అక్కడి నుంచి ఆసిఫాబాద్ వైపు పోతే కెరమెరి ఘాట్. మహబూబ్ ఘాట్ కన్నా ఇదే అందమైనదని నా తీర్పు. దట్టమైన టేకు, కింద లోయలో చేను చెలకలు, ఒకదాని వెనక ఒకటిగా నీలం తిరిగిన గుట్టలు. ఈ ఒక్క చోట కెమెరాను తప్పుబట్టను. హట్టి దగ్గర పక్కకు తిరిగి, సన్నటి రోడ్డున పైకి పోతే జోడేఘాట్. 2016లో ఇక్కడ మ్యూజియం తెరిచారు, పక్కనే భీం సమాధి. సినిమాలో చూసిన భీం వేరు. ఇక్కడ జల్, జంగల్, జమీన్ అడిగిన భీం ఒక కౌలు గొడవతో మొదలై పన్నెండు ఊళ్ల కోసం నిలబడ్డ రైతుబిడ్డ. చలికాలం ఐదున్నరకే పొద్దు గుట్ట దిగిపోతుంది, కాబట్టి ఇక్కడికి నాలుగింటికల్లా చేరాలి.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. టాంకు ఉట్నూర్‌లోనే నింపుకోండి. రాత్రి బసకు ఆసిఫాబాద్‌కు దిగిపోవడం మంచిది. చీకటి పడ్డాక అడవి రోడ్ల మీద తిరగొద్దు. 2012లో ప్రకటించిన కవ్వాల్ పులుల అభయారణ్యం ఈ పక్కనే, మహారాష్ట్ర అడవుల నుంచి పులులు దాటి వస్తుంటాయి, వాటికన్నా ముందు రోడ్డు మీద పడుకునే పశువులు ప్రమాదం. సైలెన్సర్ తీసేసిన బండ్లు దయచేసి తేవద్దు. ఇళ్లను, ఆడవాళ్లను, దేవుడి చోట్లను అడగకుండా ఫొటో తీయొద్దు. జాతర రోజుల్లో నీళ్ల ఝరి మోసుకొచ్చే మెస్రంలు ఎదురైతే ఇంజన్ ఆపి పక్కకు నిలబడండి. ఉషేగావ్‌లో ఏదైనా కొంటే బేరమాడకండి, ఆ బొమ్మ అచ్చు పగిలిపోయింది, అలాంటిది ఇంకోటి రాదు.